పుదీనా చుక్క, బెల్లం పాకం

డిసెంబరు వచ్చిందంటే మిషిగన్‌లో ఏ కొట్టుకెళ్లినా ఎరుపు తెలుపు చారల పిప్పరమెంటు కర్రలు గుట్టలుగా కనిపిస్తాయి. ఇక్కడివాళ్లకు క్రిస్మస్ అంటే ఆ పుదీనా వాసనే. గుంటూరులో లూథరన్ కుటుంబంలో పుట్టిన నాకు క్రిస్మస్ అంటే బెల్లం పాకం, కాగుతున్న నూనె. 1842లో ఫాదర్ హేయర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టారు. ఆ మిషన్ వెంట బడులు వచ్చాయి, ఆస్పత్రులు వచ్చాయి. పండుగ వంట మాత్రం మనదే నిలిచింది. మా ఇంట్లో అరిసెలు, గులాబీ పువ్వులు, జంతికలు అయితేనే క్రిస్మస్. పొయ్యి మీద బాణలి పెట్టకుండా పండుగ వంట చేయడం నేను ఇక్కడి కలమజూ ఊరికి వచ్చాకే నేర్చుకున్నాను.

పిప్పరమెంటుతో వండడం నేర్చుకోవడానికి ఇంతకన్నా తగిన ఊరు లేదు. ఆల్బర్ట్ టాడ్ అనే ఆయన 1869లో ఈ ప్రాంతంలోనే పుదీనా నూనె వ్యాపారం మొదలుపెట్టి, తర్వాత దాన్ని కలమజూకు తెచ్చాడు. జనం ఆయన్ను పిప్పరమెంటు రాజు అన్నారు, అమెరికా కాంగ్రెసుకు కూడా పంపారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రపంచం వాడిన పిప్పరమెంటు నూనెలో సింహభాగం ఈ చుట్టుపక్కల పొలాలదే. తర్వాత నేలలోని శిలీంధ్రంతో ఎండు తెగులు పట్టి మొక్కలు వడలిపోతుంటే సాగు ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల వైపు మళ్లింది. అయినా మిషిగన్‌లోనే సెయింట్ జాన్స్ అనే చిన్న ఊళ్లో ఇప్పటికీ ఆగస్టులో పుదీనా పండుగ చేస్తారు.

మా పక్కింటి పెద్దావిడ అలాంటి పుదీనా రైతు కూతురు. కోసి ఆరబెట్టిన మొక్కను పెద్ద తొట్లకెత్తి, ఆవిరి పట్టి నూనె తీసే రోజుల్లో ఊరంతా ఆ ఘాటుతో నిండిపోయేదట. పిప్పరమెంటు విత్తనంతో మొలిచే మొక్క కాదని ఆవిడే చెప్పింది. మనం పచ్చడి చేసుకునే పుదీనాకూ నీటి పుదీనాకూ పుట్టిన సంకరం అది. వేరు ముక్కో కాండం ముక్కో నాటితేనే పెరుగుతుంది. ఏటా క్రిస్మస్ ముందు ఆవిడ వంటింట్లో పిప్పరమెంటు కర్రల ఆకారంలో కుకీలు చేస్తాం. ఆవిడ చెబుతుంది, నేను చేస్తాను.

పిండిని కప్పుతో కొలవనివ్వదు. అదే కప్పు మైదాను చెంచాతో పోసి నింపితే 120 గ్రాములు తూగుతుంది, సంచిలో ముంచి తీస్తే 150 దాకా పోతుంది. మూడున్నర కప్పుల దగ్గర ఆ తేడా వంద గ్రాములు దాటుతుంది. అందుకని త్రాసు బల్ల మీద ఎప్పుడూ ఉండాల్సిందే. వెన్న మీద వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి జిడ్డు అంటకూడదు. ఇక అసలు సంగతి పిప్పరమెంటు ఎక్స్‌ట్రాక్ట్. అంత పిండికీ ఒక్క టీస్పూను. ఆ టీస్పూను కూడా పిండి గిన్నె మీద పట్టుకుని పోయనివ్వదు. పక్కన ఖాళీ గిన్నె పెట్టి దానిమీద స్పూను నింపి, అప్పుడు తెచ్చి పిండిలో వంచాలి. స్పూను అంచు దాటి జారే నాలుగు చుక్కలే రుచిని చెడగొడతాయంటుంది.

అది చాదస్తం కాదు. పిప్పరమెంటులోని మెంథాల్ నోటిని నిజంగా చల్లబరచదు. చలిని కనిపెట్టే నరాల తలుపునే అది నేరుగా తడుతుంది. ఆ తలుపును విడివిడిగా కనిపెట్టిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లు స్పర్శ, ఉష్ణోగ్రతల గ్రాహకాల మీద చేసిన పనికి 2021లో నోబెల్ పంచుకున్నారు. మెంథాల్ కొద్దిగా ఉంటే చల్లదనం, మోతాదు మించితే మంట. నాలుక మీద పడ్డాక చక్కెరతోనూ వెన్నతోనూ దాన్ని కప్పిపుచ్చలేం.

ముద్దను రెండుగా చేసి, ఒకదానికి ఎర్ర రంగు కలిపి, కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచుతాం. తర్వాత నాలుగంగుళాల పొడవున తెల్లదొకటి ఎర్రదొకటి తాడులా పేని, పక్కపక్కన పెట్టి మెలితిప్పి, పైకొస చేతికర్రలా వంచాలి. చేతుల వేడికి వెన్న కరగకముందే పని ముగించాలి. 375 ఫారెన్‌హీట్ వేడిలో తొమ్మిది నుంచి పన్నెండు నిమిషాలు. తెలుపు తెల్లగానే ఉండాలి, అడుగున అంచు మాత్రం లేత గోధుమ రంగుకు తిరగాలి. నడుమ ఇంకా మెత్తగా ఉందనిపించినప్పుడే బయటికి తీస్తే, మిగతాది ట్రే వేడికి ఉడుకుతుంది. దంచిన పిప్పరమెంటు కర్రల పొడి ఆ వేడి మీదే చల్లాలి. ముందే చల్లితే ఓవెన్‌లో కరిగి కారిపోతుంది.

పులుసులో ఉప్పు తగ్గితే వేస్తాం, కారం ఎక్కువైతే కాస్త బెల్లం ముక్క వేస్తాం. దిద్దుకుంటూ వండే చేతులు మనవి. ఓవెన్ తలుపు వేశాక దిద్దుకునేందుకేమీ మిగలదు. పెట్టాల్సిన శ్రద్ధంతా ముందే పెట్టేయాలి. తినేవాళ్ల మీద ప్రేమ గ్రాముల్లో కూడా కనిపిస్తుందని నాకు ఆ వంటింట్లో తెలిసింది.

దానికంటే పెద్ద సంగతి అమ్మ వచ్చిన చలికాలంలో తెలిసింది. అరిసెలు చేస్తానంది. నానబెట్టిన బియ్యం తడి ఆరకముందే పిండి పట్టి, బెల్లం పొయ్యి మీద పెట్టింది. నేను పాకంలో మిఠాయి థర్మామీటరు దించాను. అమ్మ దానివైపు చూడలేదు. పళ్లెంలో నీళ్లు పోసుకుని, గరిటె అంచు నుంచి చుక్క వేసి, వేళ్లతో ఉండ కట్టి చూసి, "ఇంకాస్త" అంది. మళ్లీ చుక్క. "లేతగా దించితే నూనెలో విచ్చిపోతాయే, ముదిరితే చెక్కలే." మూడో చుక్క వేళ్ల మధ్య మెత్తగా ఉండ కట్టగానే, "దించెయ్యవే ఇంక" అంది. ముల్లు 114 సెల్సియస్ దగ్గర ఉంది. అమెరికా మిఠాయి పుస్తకాలు మెత్తటి ఉండ పాకానికి రాసే లెక్క 112 నుంచి 116. రెండో పాకం కూడా అక్కడే దించింది.

అమ్మ వంటను ఇప్పుడెవరన్నా అంచనా వంట అంటే నేనొప్పుకోను. పక్కింటావిడ త్రాసు, మా అమ్మ వేళ్లు చేసేది ఒకే పని. ఒకటి కాగితం మీదికెక్కింది, రెండోది ఎక్కలేదు, అంతే తేడా. మా అమ్మమ్మ గులాబీ పువ్వుల పిండి ఎంత జారుగా ఉండాలో, గుత్తిని నూనెలో ఎంతసేపు కాచాలో ఎవరూ రాసుకోలేదు. ఆమెతోనే పోయింది. అందుకే ఆ రోజు తడి పిండి గిన్నెను త్రాసు మీద పెట్టి, అమ్మ పాకంలో పోసే ముందొకసారి, పోశాక ఒకసారి తూచి రాసుకున్నాను. అరిసెను చెక్కల మధ్య ఎంతసేపు నొక్కిందో కూడా రాశాను.

ఈ డిసెంబరులో మీ ఇంట్లో పాకం పడుతున్నప్పుడు మీరూ పక్కన నిలబడండి. త్రాసు పెట్టండి, థర్మామీటరు పెట్టండి, గ్రాములూ నిమిషాలూ రాసుకోండి. చేసే చేతులు ఉన్నప్పుడే రాసుకోండి.