బాబాయ్ చొక్కా వాసన

మా బాబాయ్ దర్శిలో ఒక పెట్రోల్ బంకులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడు. చిన్నప్పుడు ఆయన డ్యూటీ దిగి రాగానే చొక్కా పట్టుకుని వాసన పీల్చేవాణ్ణి. (నవ్వకండి, మన హాస్టల్లో ఆ వాసన ఇష్టం లేనివాళ్లు ఎంతమంది?)

సెకండియర్లో బెంజీన్ పాఠం వచ్చింది. ఆరు మూలల బొమ్మ గీసి, కెకులే పేరు రాసి మార్కులు తెచ్చుకున్నా. ల్యాబ్‌లో మాత్రం బెంజీన్ సీసా కనబడలేదు. అడిగితే సార్, "బదులుగా టోలుయీన్ వాడతాం. బెంజీన్ ఏళ్ల తరబడి పీలిస్తే ఎముకల్లో మూలుగ దెబ్బతింటుంది, రక్తకణాలు తగ్గుతాయి, లుకేమియా రావచ్చు" అని తర్వాతి ప్రయోగంలోకి వెళ్లిపోయారు. నేను వెళ్లలేకపోయా. పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుందని నాకు తెలుసు.

ఖాళీ ట్యాంకు నిజానికి ఖాళీ కాదు, నిండా ఆవిరే. పైనుంచి పెట్రోల్ పడేకొద్దీ ఆ ఆవిరి మూతలోంచి బయటికి తన్నుకొస్తుంది. వంగి నాజిల్ పట్టుకున్నవాడి ముఖం సరిగ్గా అక్కడే ఉంటుంది. మిరప సీజన్లో స్ప్రేయర్లకని రైతులు క్యాన్లు తెస్తే ఇంకా దగ్గరగా వంగాలి.

బెంజీన్‌తో పనిచేసేవాళ్లకు ఎప్పటికప్పుడు రక్తపరీక్షలు చేయించాలని 1971లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది. మన దేశం 1991లో ఒప్పుకుంది. సంబరపడి చదువుతూ పోతే, బెంజీన్ ఒక శాతం మించిన సరుకులకే అది వర్తిస్తుందట. మన పెట్రోల్‌లో బెంజీన్‌కు బి.ఎస్.6 పెట్టిన హద్దు సరిగ్గా ఒక శాతం. గీతకి ఇవతల మా బాబాయ్.

సంక్రాంతికి ఎన్95 మాస్కులు కొనుక్కెళ్లా. అవి దుమ్మును ఆపుతాయి గానీ ఆవిరిని ఆపవని, దానికి కార్బన్ ఫిల్టరుండే మాస్కు కావాలని తర్వాత చదివి సిగ్గుపడ్డా. కెమికల్ ఇంజనీరింగ్ మరి! అసలు ఆయన పెట్టుకుంటేగా. "మాస్కు చూస్తే బంకులో ఏదో లీకైందనుకుంటార్రా" అన్నాడు.

"పోనీ పైపు నోట్లో పెట్టి పెట్రోల్ లాగడం మానెయ్ బాబాయ్. చేతులు దాంతో కడుక్కోవద్దు. గాలి యాడనుంచి వస్తుందో చూసి అటు నిలబడు. ఒకసారి సీబీసీ చేయిద్దాం."

"ఏందబ్బాయా, పద్నాలుగేళ్లలో నాకేమైంది?"

లోపల్నుంచి పిన్ని అంది, "రోజూ సాయంత్రానికి తల పట్టుకుని పడుకునేది ఎవరంట?"

ఆయన కాసేపు ఊరుకున్నాడు. "నీ హాస్టల్ ఫీజు ఈ వాసనలోంచే వస్తంది రా" అన్నాడు, కోపంగా కాదు.

పండగ మర్నాడు రక్తం ఇచ్చాం. తెల్లకణాలు మామూలుకంటే కొంచెం తక్కువున్నాయి. చాలా కారణాలుంటాయి, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దామన్నారు డాక్టరు. ఏం పని చేస్తావని ఆయన అడగలేదు. నేనే చెప్పా. చీటీ మీద రాసుకున్నారు.

ఆ మూడు నెలలు మొన్నటితో అయిపోయాయి. నిన్న రాత్రి ఫోన్ చేస్తే బాబాయ్, "ఆదివారం పోతాలే, ఈ వారం బంకులో మనుషుల్లేరు" అన్నాడు. వెనక ఎవరో బండి హారన్ కొడుతున్నారు.