మా మేనమామ గిటారు

పాత వస్తువును బాగుచేయడం వేరు, దానిని కొత్త పనికి తీర్చుకోవడం వేరు. మొదటి పని చేసేవారు వస్తువు వెనుక యెట్లా వుండేదో అట్లాగే వుండాలంటారు. రెండవ పని చేసేవారు పనికిరానిది తీసివేసి పనికివచ్చేది పెట్టమంటారు. ఈ రెండు వాదాలూ ఒకే యింట్లో, ఒకే వస్తువు మీద వచ్చిపడితే యేమవుతుందో మా అన్నదమ్ములిద్దరికీ 2023లో తెలిసివచ్చింది. పాఠకుల యిండ్లలో కూడ అటకల మీద పాత వాద్యాలు వుండకపోవు గనుక ఆ సంగతి వ్రాస్తున్నాము.

మా మేనమామ కోలారు బంగారు గనులలో, చాంపియన్ రీఫ్ గనిలో, కరెంటు పని చేసేవాడు. ఆ వూరికీ కరెంటుకూ చుట్టరికం చాల పాతది. కావేరి మీది శివసముద్రం నుండి సుమారు 90 మైళ్ళ దూరం తీగెలు లాగి 1902లో కరెంటు తెచ్చినది మొదట యీ గనులకే. బెంగుళూరు వీధులకు అది ఆ తరువాతనే వచ్చింది. జాన్ టేలర్ కంపెనీ కాలంలో యీ వూరిని చిన్న యింగ్లండు అనేవారు. క్లబ్బులూ, క్రిస్మసు నాట్యాలూ, బ్యాండు మేళాలూ వుండేవి. మామతో కలిసి పనిచేసిన ఒక ఆంగ్లో ఇండియను 1969లో ఆస్ట్రేలియాకు తరలిపోతూ తన ఎలెక్ట్రిక్ గిటారును అమ్మజూపితే, మామ ఒక నెల జీతమంతా పోసి కొన్నాడు. ఇంట్లో ఆ నెల యెట్లా గడిచిందో అత్త యిప్పటికీ చెబుతుంది.

అది గొప్ప గిటారేమీ కాదు. జపానులో తయారైన చౌకరకం. తల మీది పేరు యెప్పుడో చెరిగిపోయింది. 1965లో అమెరికా నుండి వెంచర్స్ అనే బృందం జపానులో పర్యటించిన పిమ్మట అక్కడి కుర్రవాళ్ళకు ఎలెక్ట్రిక్ గిటారు పిచ్చి పట్టింది. అటువంటి గిటార్లు అక్కడ లక్షల మీద తయారై దేశదేశాలకు వెళ్ళినవి. అందులో ఒకటి మరికుప్పం రైలెక్కి మా మామ యింటి గోడకు చేరింది. గనిలో రాతిపేలుడు జరిగి భూమి అదిరినప్పుడల్లా గోడకు తగిలించిన గిటారు తీగెలు తమంతట తామే మ్రోగేవట.

2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. మామ తరువాత పదిహేనేండ్లు బ్రతికినాడుగాని, గిటారు మాత్రం మళ్ళీ ముట్టలేదు. ఇప్పుడు అత్త ఆండర్సన్ పేటలోని యిల్లు ఖాళీచేసి బెంగుళూరులో కూతురి దగ్గరకు వెళ్ళవలసి వచ్చింది. సామాను సర్దుతూవుంటే గిటారు సంగతి పైకి వచ్చింది. బెంగుళూరులో ఒక దుకాణం వారికి చూపిస్తే, బాగుచేసే ఖర్చుకు కొత్తదే వస్తుందని చెప్పి ప్రక్కకు నెట్టివేసినారు. కాని అత్త మనుమరాలు, పదిహేనేండ్ల పిల్ల, అది తనకే కావాలన్నది. సర్ఫ్ సంగీతం నేర్చుకొంటున్నదట. గిటారుకు సముద్రపు నీలం రంగు వేయించి, లోపలి సామానంతా మార్చివేయాలన్నది. అత్త మాత్రం ఒకే మాట అన్నది. "మీరేమన్నా చేసుకోండి నాయనా, మీ మామ గీసిన గీట్లు మాత్రం తియ్యొద్దండి."

సర్ఫ్ సంగీతమంటే యేమో రెండు మాటలు చెప్పాలి. కాలిఫోర్నియా తీరాన పలకల మీద నిలబడి అలల మీద జారే ఆట వున్నది. ఆ ఆటగాళ్ళ కోసం 1961 ప్రాంతంలో పుట్టిన గిటారు బాణీ యిది. చాలవరకు మాటలుండవు. లావుపాటి తీగెలను మీటుతో క్రిందికీ పైకీ యెడతెగకుండా వేగంగా మీటుతారు. ఆ ధ్వనిని స్ప్రింగుల గుండా పంపి తడిసిన ప్రతిధ్వనిలాగ వినిపిస్తారు. దీనికి పెద్ద పేరు తెచ్చినవాడు డిక్ డేల్. 1937లో పుట్టి 2019లో పోయినాడు. ఈ బాణీ 1964 నాటికి వెనుకబడినా, 1994లో ఒక సినిమాలో అతని మిసర్లూ వినిపించడంతో మళ్ళీ లేచింది. మా పిల్ల దాకా వచ్చింది ఆ రెండవ అలే అనుకొంటాము.

గిటారును బల్లమీద పెట్టి ముందు వారం రోజులు యేమీ చేయకుండా కేవలం చూచినాము. చెక్కపని మా తమ్మునికీ, కరెంటుపని మాకూ కొంత తెలుసు. మెడ తీగెల లాగుడుకు ముందుకు వంగిపోయింది. ఎండిన కొయ్య కుదించుకొనిపోయి మెట్ల కొనలు రంపపు పళ్ళలాగ బయటికి పొడుచుకొని వచ్చినవి. రెండు పికప్పులలో ఒకటి మూగబోయింది. ధ్వని పెంచే మీట త్రిప్పితే కాగితం నలిపినట్టు చప్పుడు.

ఇంకొక సంగతి కూడ కనబడింది. మెట్లు అన్నీ సమానంగా అరగలేదు. అన్నిటికంటె లావైన తీగె క్రింద, మొదటి మెట్టునుండి పన్నెండవదాకా, వరుసగా అరిగిపోయినవి. తీగెలు మార్చి మార్చి స్వరపుంజాలు పట్టేవాని గిటారు యిట్లా అరగదు. ఒకే తీగె మీద వ్రేలిని పైకీ క్రిందికీ జార్చినవాని గిటారు యిట్లా అరుగుతుంది. ఇక అత్త చెప్పిన గీట్లు తంతులను మోసే గుర్రానికి దగ్గరగా ఒకేచోట దట్టంగా వున్నవి. వేగంగా మీటేవారికి తీగె గట్టిగా వుండే ఆ చోటే అనుకూలం. పిల్లను పిలిచి దీపం వాలుగా పట్టి చూపించినాము. చాలసేపు చూచి, తన చేయి దానిమీద పెట్టి, "పెదనాన్నా, తాతకూడ యిదే వాయించేవాడా?" అన్నది. రంగు మాట మళ్ళీ యెత్తలేదు. రంగు వేయాలంటే ముందు ఉప్పుకాగితంతో రుద్దాలి. రుద్దితే ఆ సాక్ష్యం పోతుంది.

అప్పుడు మాకు ఒక నియమం దొరికింది. మార్పు యేదైనా చేయవచ్చు, కాని తిరిగి పూర్వస్థితికి తేగలిగేటట్టు చేయాలి. కొయ్యకు కొత్త రంధ్రం వేయరాదు. తీసిన ముక్క యేదీ పారవేయరాదు.

మెడలోపల ఒక ఇనుప కడ్డీ వుంటుంది. దాని కొన నట్టు బిగిస్తే మెడ వెనుకకు లేస్తుంది. పావు చుట్టు త్రిప్పడం, ఒకరోజు ఆగడం, ఇనుప స్కేలు ఆనించి చూడడం, ఇట్లా వారం పట్టింది. కొయ్య తొందరను ఒప్పుకోదు. మెట్ల కొనలు సన్ననాకురాయితో నునుపు చేసినాము. అరిగిన మెట్లను పెరికివేయక, తక్కినవాటిని వాటి మట్టానికి కొద్దిగా దించినాము. ఈ సంగీతానికి కావలసినవి అంగుళంలో వెయ్యింట 12 వంతుల నుండి 52 వంతుల దాకా మందం గల తీగెలు. అవి తల దగ్గరి పాత పట్టీ గాట్లలో పట్టవు. పాత గాట్లను వెడల్పు చేస్తే మళ్ళీ పూడ్చలేము. అందుచేత పాత పట్టీని తీసి దాచి, ఎముకతో కొత్తది చెక్కి అమర్చినాము. లావు తీగెల లాగుడుకు మెడ మళ్ళీ కొంచెం వంగింది. మళ్ళీ పావు చుట్టు.

మూగ పికప్పు పని మాచేతికి మించినది. పికప్పు అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకకంటె సన్నని రాగితీగె వేలకొద్ది చుట్లు చుట్టిన ఉండ. ఉక్కుతీగె దాని యెదుట కదిలితే ఆ రాగిలో చిన్న కరెంటు పుడుతుంది. మంచిదానికి మల్టీమీటరు ఆరువేల ఓములు చూపింది. రెండవదానికి ముల్లు కదలలేదు. కొత్తది కొందామనుకొంటూ వుండగా అత్త, మామతో గనిలో మోటార్లకు చుట్లు చుట్టిన పెద్దాయన ఒకరు రాబర్ట్‌సన్ పేటలో వున్నారని జ్ఞాపకం చేసింది. ఆయనకు యెనుబది దాటినవి. భూతద్దం పెట్టి ఉండ చూచి, "చుట్లు చక్కగా వున్నాయప్పా, కొన మాత్రం తెగింది" అన్నారు. పైచుట్లు నాలుగు విప్పి, కొనకు వున్న పూత గీకి, సోల్డరు పెట్టినారు. ముల్లు లేచింది. కూలి తీసుకోలేదు. కాఫీ త్రాగి, గిటారు పూర్తయితే తెచ్చి వినిపించమన్నారు.

తక్కినవి చిన్న పనులు. బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో కొత్త పొటెన్షియోమీటరు, మైనపు కాగితపు పాత కెపాసిటరుకు బదులు కొత్తది, రాగి రేకు కొన్నాము. రేకును గిటారు లోతట్టున అతికించి ఎర్తుకు కలిపితే, ఇంటి కరెంటునుండి వచ్చే ఆ సన్నని గూయిమనే రొద చాలవరకు తగ్గింది. గుర్రానికి వుండే ఊగుడు కడ్డీ మర చెడిపోతే బంగారుపేటలో లేతు పనివారు కొత్తది కోసి యిచ్చినారు.

చివరకు స్ప్రింగులు. గిటారు ధ్వనిని ఒక కొనలో కదలికగా మార్చి స్ప్రింగులోకి పంపితే, అది అటూ యిటూ కొట్టుకొని రెండవ కొనలో ఆలస్యంగా వస్తుంది. హామండ్ ఆర్గనులకు వాడిన యీ ఉపాయాన్ని 1961లో ఫెండర్ కంపెనీ గిటారు కోసం వేరే పెట్టెగా అమ్మింది. మేము స్ప్రింగులున్న డబ్బా ఒకటి తెప్పించి చిన్న ఆంప్లిఫయరుకు తగిలించినాము. ఆ పెట్టెను చేత్తో తడితే స్ప్రింగులు ఒకదానికొకటి తగిలి పిడుగుపాటులాంటి మ్రోత వస్తుంది. పిల్ల సరదాకు తట్టింది. వంటింట్లో వున్న అత్త గరిటె వదలి వాకిట్లోకి పరుగెత్తుకొని వచ్చి నిలబడింది. గని మూతపడి యిరువై రెండేండ్లయినా ఆ చెవికి రాతిపేలుడు తప్ప మరొకటి తోచలేదు. పిల్ల మళ్ళీ ఆ పెట్టెను తట్టలేదు.

ఆ సాయంత్రమే పిల్ల మిసర్లూ వాయించింది. అది తూర్పు మధ్యధరా ప్రాంతపు పాత పాట. డిక్ డేల్ తండ్రివైపువారు లెబనాను నుండి వచ్చినవారు గనుక అతనికి చిన్ననాటినుండి తెలుసు. 1962లో దానిని సర్ఫ్ బాణీలోకి మార్చినాడు. లావు తీగె ఒక్కదాని మీద వ్రేలు జారుతూ పోతుంది. అత్త పేలాలు యేరుతూ విని, చేయి ఆపి, "ఇది మన మాయామాళవగౌళ కాదా?" అన్నది. చిన్నతనంలో ములబాగలులో ఆమె సరళీవరుసలు నేర్చుకొన్నది. పురందరదాసు యేర్పరచిన పాఠం ఆ రాగంతోనే మొదలవుతుంది గదా. సరిచూచినాము. శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం, అన్నీ సరిపోయినవి. గమకాలు వేరు, నడక వేరు. స్వరస్థానాలు మాత్రం అవే.

"మీ మామ రాత్రిపూట యిదే వాయించేవాడు నాయనా. ఇంగ్లీషు పాట అనుకొని నేను తలుపు వేసుకొనేదాన్ని," అన్నది అత్త. తరువాత పిల్లను మళ్ళీ వాయించమన్నది. తలుపులు అన్నీ తీసే వున్నవి.

మొత్తం ఖర్చు, ఆంప్లిఫయరుతో కలిపి, పదునాలుగు వేల రూపాయలు. కాలం అయిదు నెలలు. ఇటువంటి పని పెట్టుకొనేవారికి మా మనవి ఒక్కటే. విప్పడానికి ముందు అరుగుదలను చదవండి. అది వాడినవాని చేతివ్రాత. ధర లేని వస్తువని దుకాణం వారు చెప్పితే నమ్మండి, అమ్మకానికి గనుక. వాడకానికి మీ వూళ్ళోని ముసలి పనివారిని అడగండి. వారు వున్నప్పుడే అడగండి.

గిటారు యిప్పుడు బెంగుళూరులో వున్నది. దాని పెట్టెలో ఒక గుడ్డసంచి వున్నది. అందులో పాత పట్టీ, పాత కెపాసిటరు, పాత మీట, మర చెడిన కడ్డీ, ఏది యెప్పుడు యెందుకు మార్చినామో వ్రాసిన కాగితం వున్నవి. కాగితం అడుగున ఖాళీ వుంచినాము. పిల్ల యింకేమైనా మార్చితే అక్కడ వ్రాసుకొంటుంది.