తప్పు జవాబు తీసుకెళ్ళిన ఊరు – మైసూరు!

"అయ్యా, మీ జవాబు తప్పు."

ఉత్తరం మొదలే ఇలా ఉంది. నమస్కారం లేదు, కుశలప్రశ్న లేదు.

పాఠకులకు ముందు నా సంగతి చెప్పాలి. జంతువులు, బొమ్మలు, సినిమాలు, ప్రముఖులు... ఎవరు ఏది అడిగినా నాలుగు ముక్కల్లో జవాబు చెప్పే శీర్షిక ఒకటి ఓ పత్రికకు రాస్తుంటాను. ఉద్యోగం కాదు. బి.ఏ. చదువు, రెండు మూడు గ్రంథాలయాల పరిచయం, కాస్త జ్ఞాపకశక్తి – ఇదీ నా పెట్టుబడి. ఆ పెట్టుబడి మీద నాకు గర్వం కూడా ఉండేది.

ఓ వారం ఎవరో అడిగారు: "చేత్తో దీపం పట్టుకుని, రెండో చేత్తో గాలికి అడ్డం పెట్టిన అమ్మాయి బొమ్మ గీసింది ఎవరు? ఎక్కడుంది?" ఇదీ ఒక ప్రశ్నేనా అనుకున్నాను. మా ఇంట్లో ఆ బొమ్మ బట్టలకొట్టు క్యాలెండరు రూపంలో పదేళ్ళు గోడకు వేలాడింది. నాన్న దాన్ని చూపించి "రవివర్మ అంటే రవివర్మేరా!" అనేవారు. అదే రాసేశాను. "రాజా రవివర్మ. మైసూరు." పుస్తకం తెరిచి చూసిన పాపాన పోలేదు.

ఉత్తరం రాసినాయన గుంటూరు జిల్లాలో పనిచేసి రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆయన మనవరాలు ఎనిమిదో తరగతి. వారం వారం నా శీర్షిక కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకుంటుందిట. స్కూళ్ళ మధ్య జరిగిన పోటీలో సరిగ్గా అదే ప్రశ్న వచ్చింది. పిల్ల నా జవాబే రాసింది. ఒక్క మార్కుతో మొదటి బహుమతి పోయింది.

"పిల్ల ఏడవలేదు. మీ శీర్షిక కత్తిరించడం మాత్రం మానేసింది. ఒకసారి మైసూరు వెళ్ళి ఆ బొమ్మ కింద పేరు చదివి రండి" అని ముగించారు మాస్టారు.

ఆ ఉత్తరం వారం రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. ఎనిమిదో రోజున రైలెక్కాను.

గేటు దగ్గరే మొదటి దెబ్బ

బెంగుళూరు దాకా ఒక రాత్రి. అక్కడినుంచి మరో రైల్లో సుమారు 140 కిలోమీటర్లు. మైసూరు స్టేషన్లో దిగేసరికి మంచి ఎండ. ఆటో ఎక్కి, నేరుగా బొమ్మ దగ్గరకు వెళ్ళడానికి మొహం చెల్లక, "ముందు జూకి పోనివ్వండి" అన్నాను.

ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి నవ్వాడు. "తెలుగువారా సార్? మాది మదనపల్లె దగ్గర. ఈరోజు మంగళవారం కదా! జూకి సెలవు."

చూశారా! దేశంలో ఏ జంతుశాల ఏ సంవత్సరంలో పెట్టారో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మైసూరుది 1892. చామరాజేంద్ర ఒడెయరు కాలంలో, వేసవి విడిది ఆవరణలోని పది ఎకరాల్లో మొదలైంది. తోటల నిపుణుడు క్రుంబీగల్ అనే జర్మన్ దానికి రూపం దిద్దాడు. ఇన్ని తెలుసు. మంగళవారం సెలవన్న సంగతి తెలీదు! జ్ఞానానికీ అనుభవానికీ ఉన్న తేడా ఆటోలోనే బోధపడింది.

"అయితే జగన్మోహన్ ప్యాలెస్‌కే పోనివ్వండి" అన్నాను, తప్పించుకునే దారి లేక.

దీపం ముందు నిలబడి

జగన్మోహన్ ప్యాలెస్ 1861లో కట్టింది. పాత కొయ్య ప్యాలెస్ 1897లో ఒక పెళ్ళి సందడిలో తగలబడిపోతే, ఇప్పుడు ఊరిమధ్య కనిపించే పెద్ద ప్యాలెస్ పూర్తయ్యేదాకా రాజకుటుంబం ఉన్నది ఇందులోనే. 1915లో దీన్ని బొమ్మల కొలువుగా మార్చారు.

లోపల రవివర్మ ఉన్నాడు. ఉండకేం! మన ఇళ్ళలో లక్ష్మికీ సరస్వతికీ మొహాలిచ్చిన మనిషి. అన్నట్టు, సినిమావాళ్ళు ఆయనకు ఇంకో రకంగా బాకీ. 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీసిన ఫాల్కే, సినిమాల్లోకి రాకముందు రవివర్మ పెట్టిన అచ్చుకూటంలో పనిచేసినవాడే.

ఆ బొమ్మలు దాటుకుని వెళ్తే... అదుగో, ఆ అమ్మాయి.

క్యాలెండరు మీద పదేళ్ళు చూసిన బొమ్మే. కానీ క్యాలెండరులో దీపం ఉంది, వెలుగు లేదు. ఇక్కడ వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా రక్తం కనిపించేటట్టు వెలుగు వస్తోంది. మొహం మీద ఒకరకం, చీర కుచ్చిళ్ళ మీద ఒకరకం. ఇంతకీ ఇది నూనెరంగు కాదు, నీటిరంగు! నూనెరంగులో తప్పుపోతే దానిమీద మళ్ళీ పూయవచ్చు. నీటిరంగులో తప్పుపోతే పోయినట్టే. దిద్దుకునే వీలుండదు. నాలాంటివాడి కోసమే గీసినట్టుంది.

వంగి పేరు చదివాను. ఎస్.ఎల్. హల్దంకర్. సావంతవాడిలో పుట్టి బొంబాయిలో స్థిరపడిన మరాఠీ చిత్రకారుడు. బొమ్మ గీసింది 1945-46 ప్రాంతంలో. రవివర్మ పోయింది 1906లో. అంటే నలభై ఏళ్ళ కిందట చనిపోయిన మనిషి చేత నేను బొమ్మ గీయించానన్నమాట! ఆ రెండు సంవత్సరాలూ నాకు విడివిడిగా అందుబాటులో ఉన్నవే. పక్కపక్కన పెట్టి చూసుకోలేదు, అంతే.

నా పక్కన ఓ కుటుంబం వచ్చి నిలబడింది. తండ్రి పిల్లలకు చూపిస్తూ కన్నడంలో ఏదో చెప్పాడు. 'రవివర్మ' అన్న మాట ఒక్కటీ స్పష్టంగా వినిపించింది. నాన్న గుర్తొచ్చారు. ఆయన్ని ఎలా కాదనను? అయినా కిందనున్న పేరు మీద వేలుపెట్టి చూపించాను. ఆయన చదివి, నావైపు చూసి, నవ్వి, పిల్లలకు మళ్ళీ చెప్పాడు. ఒక్క ఇంట్లో తప్పు దిద్దాను.

సాబూ ఊళ్ళో సబ్బు

మర్నాడు బస్సెక్కి కబిని వైపు వెళ్ళాను. మైసూరుకు సుమారు 70 కిలోమీటర్లు. కారాపుర అనే ఊరు. ఎందుకంటారా? హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్న మొదటి భారతీయ నటుడు పుట్టిన ఊరు అది. సాబూ!

1924లో మావటివాడి ఇంట పుట్టాడు. తండ్రి పోతే మహారాజా వారి ఏనుగుశాలలో పెరిగాడు. 1935లో రాబర్ట్ ఫ్లాహర్టీ అనే దర్శకుడు కిప్లింగ్ కథను సినిమా తీయడానికి మైసూరు వచ్చాడు. ఏనుగుకు భయపడని పిల్లవాడు కావాలి. సాబూ దొరికాడు. ఆ సినిమా 'ఎలిఫెంట్ బాయ్' 1937లో విడుదలై, వెనిస్ ఉత్సవంలో ఉత్తమ దర్శకత్వ బహుమతి తెచ్చుకుంది.

ఆ పిల్లవాడు ఓడెక్కి ఇంగ్లండు పోయాడు. 1940లో 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో సీసాలో భూతాన్ని విడిపించే అబూ అతనే. ఆ చిత్రానికి మూడు ఆస్కార్లు. 1942లో 'జంగిల్ బుక్'లో మౌగ్లీ. 1944లో అమెరికా పౌరుడై, యుద్ధవిమానం తోకభాగంలో తుపాకీ పట్టి, శౌర్యపతకం తెచ్చుకున్నాడు. 1963 డిసెంబరు 2న గుండె ఆగి పోయాడు. ముప్పై తొమ్మిదేళ్ళు! రెండేళ్ళు అటూఇటూగా నా వయసే.

ఇక్కడా ఓ తప్పు కాచుకుని ఉంది. చాలా పుస్తకాలు అతన్ని 'సాబూ దస్తగీర్' అంటాయి. దస్తగీర్ నిజానికి అతనితో ఇంగ్లండు వెళ్ళిన అన్న పేరు. ఎవరో ఒకసారి కలిపి రాశారు, మిగిలినవాళ్ళు చూసి రాశారు. నాలాంటివాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారని కొంచెం ధైర్యం వచ్చింది.

ఇంతకీ ఊళ్ళో బస్సు దిగి, టీ కొట్టు దగ్గర "సాబూ... సాబూ..." అని నాకొచ్చిన రెండు కన్నడ ముక్కల్లో అడిగాను. కొట్టు ఆయన తలూపి లోపలికెళ్ళి ఓ సబ్బుబిళ్ళ తెచ్చి నా చేతిలో పెట్టాడు! కన్నడంలో సబ్బును 'సాబూను' అంటారు మరి. మైసూరు శాండల్ సబ్బు. డబ్బిచ్చి పుచ్చుకున్నాను. ఏంచేస్తాం!

నవ్వుకున్నానే గాని మనసులో కలుక్కుమంది. నేను తిరిగినంతమేర అతని పేరున్న పలక ఒక్కటీ నాకు కనిపించలేదు. ఏనుగుల్ని తరిమి పట్టే 'ఖెడ్డా'లు ఈ చుట్టుపక్కలే జరిగేవి. 1873-74లో శాండర్సన్ అనే దొర మొదలుపెట్టాడు. కిప్లింగ్ కథలోని పీటర్సన్ సాహెబుకు ఆయనే మూలమంటారు. చిట్టచివరి ఖెడ్డా 1971లో. తర్వాత కబిని ఆనకట్ట వచ్చి ఆ చోట్లలో చాలాభాగం నీళ్ళపాలైంది. ఒడ్డున నిలబడి చూస్తే దూరంగా అవతలి గట్టు మీద నాలుగు ఏనుగులు నీళ్ళు తాగుతున్నాయి. వాటిని ఎవరూ తరమడం లేదు. నాకు అదొక్కటే తృప్తి.

ఏనుగులకూ జీవితచరిత్రలుంటాయి

గురువారం జూ తెరిచారు. ఇప్పుడది 157 ఎకరాలు. మంచి చెట్లు, మంచి నీడ. గొరిల్లాల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. డబ్లిన్ నుంచి 1995లో వచ్చిన పోలో అనే గొరిల్లా, తనజాతి ప్రాణి మరొకటి దేశంలో లేక, ఏళ్ళ తరబడి ఒంటరిగా బతికి 2014లో పోయింది. 2021లో జర్మనీ నుంచి రెండు మగ గొరిల్లాలు, థాబో, డెంబా, వచ్చాయి. "భారతదేశంలో గొరిల్లా ఎక్కడుంది?" అని అడిగితే నేను "మైసూరు" అని రాసి ఊరుకునేవాణ్ణి. పోలో ఒంటరితనం ఆ ఒక్క మాటలో ఎక్కడ పడుతుంది?

బయటకొస్తే మదనపల్లె డ్రైవరు మళ్ళీ దొరికాడు. దసరా ఏనుగుల మాటెత్తానో లేదో, సొంత చుట్టాల సంగతి చెప్పినట్టు మొదలుపెట్టాడు. 750 కిలోల బంగారు అంబారీని ద్రోణ పద్ధెనిమిదిసార్లు మోసింది, 1998లో కరెంటు తీగ తగిలి పోయింది. బలరామ పద్నాలుగుసార్లు మోసి 2023లో పోయింది. అర్జున అయితే అదే సంవత్సరం డిసెంబరులో, హాసన్ జిల్లాలో అడవి ఏనుగును పట్టబోయి, దానితో పోరాడుతూ ప్రాణం విడిచింది.

"టీవీలో కూడా వేసింది సార్ ద్రోణ, టిప్పు సుల్తాన్ సీరియల్లో" అన్నాడు. అని ఒక్క క్షణం ఆగాడు. ఆ సీరియల్ పేరెత్తితే మైసూరులో ఎవరైనా ఆగుతారు. 1989 ఫిబ్రవరి 8న ప్రీమియర్ స్టూడియోలో ఆ సెట్టు అంటుకుని యాభైమందికి పైగా బలైపోయారు. తెరమీద పేరు కూడా పడని పనివాళ్ళే అందులో ఎక్కువ. సంజయ్ ఖాన్ ఒళ్ళు కాలి నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. మన క్విజ్ పుస్తకాలు అడిగేది హీరో పేరొక్కటే.

స్టేషన్లో

సాయంత్రం రైలు. ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే సర్వేపల్లి రాధాకృష్ణన్ గుర్తొచ్చారు. 1918 నుంచి ఇక్కడి మహారాజా కళాశాలలో తత్వశాస్త్రం చెప్పారు. 1921లో కలకత్తా వెళుతున్నప్పుడు విద్యార్థులు గుర్రాలు విప్పేసి, పూలబండిని తామే లాక్కుంటూ ఈ స్టేషన్‌కి తెచ్చారు. ఇది ప్రతి క్విజ్ పుస్తకంలోనూ ఉంటుంది. ఇన్నాళ్ళూ నేను లెక్కబెట్టుకున్నది సంవత్సరాన్ని. ఆ పిల్లలు ఎందుకు లాగారో ఆలోచించలేదు. చెప్పినమాట నమ్మదగ్గదై ఉండాలి ముందు!

సంచీలోంచి, బొమ్మల కొలువు దగ్గర కొన్న దీపం అమ్మాయి ప్రింటు తీశాను. వెనకాల రాశాను: "చిరంజీవికి... చిత్రకారుడు ఎస్.ఎల్. హల్దంకర్. రవివర్మ కాదు. తప్పు నాది, మార్కు నీది." మాస్టారి చిరునామాకు పంపాను. శీర్షికలో పెద్దక్షరాలతో సవరణ వేయించాను.

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. మాస్టారి దస్తూరీ కాదు, పిల్లది. ఒక్కటే వాక్యం: "గీసింది హల్దంకర్ గారైతే, దీపం పట్టుకున్నది ఎవరండీ?"

మళ్ళీ ప్రశ్న అడిగిందంటే కత్తెర మళ్ళీ చేతికి తీసుకుందన్నమాటే!

అమ్మాయీ, జవాబు ఇదుగో. ఆమె ఆయన కూతురు గీత. దీపావళినాడు చీర కట్టి దీపం పట్టుకున్న కూతుర్ని చూసి ఆయనకు ఆ బొమ్మ తట్టింది. గంటల తరబడి దీపం పట్టుకుని నిలబడింది. వందేళ్ళు దాటి బతికి 2018లో కన్నుమూసింది.

ఈసారి సరిచూసుకున్నానమ్మా, మూడుసార్లు. కత్తిరించుకోవచ్చు.