ఎన్నో నంబరు?

పిల్లలు కనిపిస్తే మన పెద్దవాళ్ళు అడిగేవి మూడే ప్రశ్నలు. పేరేమిటి? ఎన్నో తరగతి? ఎన్నో నంబరు? మొదటి రెండింటికీ ఏ దేశపు పిల్లయినా జవాబు చెబుతుంది. చిక్కంతా మూడోదాంతోనే.

మా అన్నయ్య కూతురు అమెరికాలో ఐదో తరగతి పూర్తిచేసి, జూన్ మొదట్లో డోంగ్లి వచ్చింది. డోంగ్లి మీకు తెలియకపోవచ్చు. కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దు పక్కనుంటుంది. 2022 దాకా మద్నూరు మండలంలో ఒక ఊరు, ఇప్పుడు తానే మండలం. బజారులో ఒక మాట తెలుగు, ఒక మాట మరాఠీ.

"ఏ నంబరొచ్చింది బిడ్డా?" అన్నారు మా బాపు, మనవరాలిని పక్కన కూచోబెట్టుకుని.

"ఫోన్ నంబరా తాతా?" అందది.

దాని బళ్ళో ర్యాంకులు లేవట. ఈ తరగతికి రావలసినంత వచ్చిందా, ఇంకా రావాలా, అంతే రాస్తారట. బాపుకి నచ్చలేదు. పదిహేడో ఎక్కం అడిగారు. పిల్లకి ఎక్కమంటేనే తెలియదు. పదిహేడు ఆర్లెంతని అడిగితే మాత్రం పది ఆర్లు అరవై, ఏడు ఆర్లు నలభై రెండు అని కలిపి నూటరెండు చెప్పింది. "అన్నం తినమంటే పొలంకు పొయ్యి నాటేసొచ్చినట్టుంది" అన్నారు బాపు.

అక్కడివాళ్ళకీ ఈ బెంగ కొత్త కాదు. దేశం ప్రమాదంలో పడిందంటూ 1983లోనే వాళ్ళ ప్రభుత్వ సంఘం నివేదిక ఇచ్చింది. 2014కల్లా ప్రతి పిల్లకీ చదువూ లెక్కలూ బాగా వచ్చి తీరాలని 2002లో చట్టమే చేశారు. పిల్లలు చట్టం ప్రకారం పెరగరు కదా! 2014 వచ్చింది, వెళ్ళింది. 2015లో చట్టాన్నే మార్చుకున్నారు. 2024 జాతీయ పరీక్షలో ఎనిమిదో తరగతి వాళ్ళలో మూడోవంతు మంది చదవడంలో కనీస స్థాయికి చేరలేదు.

"అమెరికల గూడ గట్లనేనా!" బాపు మొహం వెలిగిపోయింది. మన పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోయారని అదే ఏడాది అసర్ సర్వే తేల్చిందని చెప్పి ఆ సంతోషం పోగొట్టడానికి నాకు మనసొప్పలేదు.

పక్కింటి పిల్లా ఐదే పూర్తిచేసింది, సర్కారు బళ్ళో. ఇంట్లో మరాఠీ, వీధిలో తెలుగు, బళ్ళో 2022 నుంచి ఇంగ్లీషు మీడియం. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఆ పిల్ల ఎక్కాలన్నీ నాయనమ్మ దగ్గర మరాఠీలో నేర్చింది. ఇంగ్లీషులో అడిగితే మరాఠీలో లెక్క కట్టి, తెలుగులోకి తెచ్చి, ఇంగ్లీషులోకి మార్చేలోపల పక్కపిల్ల చెప్పేస్తుంది. కార్డులో 'సి' పడింది. దెగ్లూరు కొట్టువాళ్ళిచ్చిన మరాఠీ క్యాలెండరు చూసి సొంతంగా అక్షరాలు పట్టి, నాయనమ్మకి ఏకాదశులు చదివి చెప్పేదీ ఈ పిల్లే!

బడిబాటకని మాస్టారు ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చినప్పుడు నేను అరుగుమీదే ఉన్నాను. ఆరో తరగతికి పేరు రాయమంటే తల్లి కదల్లేదు.

"మీరే సి ఇచ్చిరి. దీనికి సదువు రాదని మీ కార్డే చెప్పవట్టె. పత్తి చేన్ల పనికన్న వస్తది."

"చదువు రాదని కాదమ్మా దానర్థం" అన్నాడాయన.

"మూడు భాషలొచ్చిన పిల్లకి సి ఏమిటండీ?" అన్నాను ఉండబట్టలేక.

"నిజమే మేడమ్. మరాఠీకి నా రిజిస్టర్‌లో గడి లేదు." చిన్నవాడు, మంచివాడే. కాసేపు ఆలోచించి, జేబులోంచి పెన్ను తీసి, కార్డు చివర ఇంత ఖాళీ ఉంటే అందులో 'మరాఠీ బాగా చదువుతుంది' అని రాసి సంతకం పెట్టాడు.

తల్లి ఆ కార్డు నాచేత రెండుసార్లు చదివించుకుంది. కొంగుకి తుడిచి లోపలికి తీసుకుపోయింది. పేరు రాయమని మాత్రం ఇంకా చెప్పలేదు. మాస్టారు అరుగుమీద కూచుని మంచినీళ్ళడిగాడు.