చోడవరంలో ట్రంపెట్ విన్నారు

ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కో. 2019లో తెచ్చిన ‘బిస్మిల్లా’ వింటూ చోడవరంలో బస్సు దిగా. ఇండీ రాకే, కానీ లోపలంతా జాజ్. నాకు పిచ్చి.

స్వయంభూ వినాయకుడి గుడి దగ్గర టీ కొట్లో ఫోన్ బల్ల మీద పెట్టా.

‘నిద్దరొస్తంది బాబూ’ అన్నాడు ఒక ఫ్రెండు.

‘ఏటి పాడతన్నాడో తెలీదు గానీ, రేత్రి చెరకు ట్రాక్టర్ తోలినప్పుడు బాగుంటాది’ అన్నాడు ఇంకొకడు.

ట్రంపెట్ మొదలవగానే పక్క బల్ల పెద్దాయన తలెత్తాడు. పెళ్లి బ్యాండులో పాతికేళ్లు ఊదాడట. డీజేలొచ్చాక వాయిద్యం అటకెక్కింది.

‘ఈడు ఊపిరి దాసుకుని ఊదతన్నాడు. పెళ్లిలో ఇలాగ ఊదితే డబ్బులివ్వరు’ అని నవ్వాడు.

కాసేపాగి, ‘మళ్లీ ఎట్టు’ అన్నాడు.

పెట్టా. టీ గ్లాసు మీద ఆయన మూడు వేళ్లు కదులుతున్నాయి.