మా వాడ ముచ్చట్లు – 17: లంద ఎవరిది? విషం ఎవరిది?

మా అమ్మ ఏటా పత్తిచేను గట్టెంట గోగు పెడుతుంది. ఆకు కూరకు, నార తాళ్లకు. మూడేళ్లుగా గోగు జానెడు కూడా లేవట్లేదు. పత్తి మొలకలు రెండాకుల మీదే పసుపెక్కి ఆగిపోతున్నాయి. "వీళ్లకు ఎవుసం రాదు" అన్నారు ఊరి పెద్దలు. "విత్తనం చూసి కొనుక్కోవాలి" అన్నాడు అధికారి.

అమ్మ ఒకే సంచిలోని గోగు గింజల్ని రెండు గుడ్డల్లో మూటగట్టింది. ఒకటి ఇంటి నీళ్లతో, ఇంకోటి చేనుకు పారే వాగు నీళ్లతో తడిపింది. రెండూ మొలిచాయి. అయిదో రోజు విప్పితే మొదటి మూటలో వేర్లు తెల్లగా, వేలెడు పొడుగు. రెండోదాంట్లో గోధుమరంగు తిరిగి గోరంత.

"ఇత్తనం మంచిదే బిడ్డా, నీళ్లే పాడైనయ్" అంది.

శాస్త్రమూ అదే చెబుతుంది. గింజ తనలో దాచుకున్న తిండితో మొలకెత్తుతుంది. పైపొట్టు కొంత కాపాడుతుంది. బయటికొచ్చిన వేరుకు ఆ కాపుదల లేదు. క్రోమియం, కాడ్మియం, సీసం లాంటివి వేరు కొనలో కణాల ఎదుగుదలను దెబ్బతీస్తాయి. వేరు పొట్టిదైతే నీరూ పోషకాలూ అందవు, ఆకు పాలిపోతుంది. గోగు నార ఉండేది కాడ బెరడులో. కాడే లేవకపోతే నారెక్కడిది?

వాగు ఎగువన తోళ్ల ఫ్యాక్టరీ ఉంది. దిగువన మా అసైన్డ్ భూములు. మా తాత తంగేడు చెక్కతో లందలో తోళ్లు నానబెట్టేవాడు. ఆ కంపు చూపించి మమ్మల్ని అంటరానివాళ్లన్నారు. తంగేడు చెక్క కుళ్లి మట్టిలో కలిసిపోతుంది. క్రోమియం కుళ్లదు, మట్టిలోనే ఉండిపోతుంది. దాంతో తోలు చేస్తే మాత్రం అభివృద్ధి అంటున్నారు!

అమ్మ మూటలు నీళ్లు పాడని చెప్పాయి. అందులో ఉన్నది ఉప్పా, క్రోమియమా అన్నది ప్రయోగశాలే తేల్చాలి. 2015లో మొదలైన భూసార కార్డులో 12 పరీక్షలున్నాయి. నత్రజని నుంచి బోరాన్ దాకా చూస్తారు. క్రోమియం లేదు, సీసం లేదు, కాడ్మియం లేదు. అంటే కార్డు బాగుందంటే నేల బాగున్నట్టు కాదు.

పాలార్ పరివాహకంలోని తోళ్ల పరిశ్రమల కేసులో 1996లోనే సుప్రీంకోర్టు, కలుషితం చేసినవాడే నష్టం కట్టాలంది. కట్టించాలంటే ముందు రుజువు కావాలి. అందుకే వాగు నీళ్లకూ మా మట్టికీ గోంగూర ఆకుకూ లోహాల పరీక్ష చేయమని వాడంతా కలిసి అర్జీ రాశాం. మొదటి వేలిముద్ర అమ్మది.

వాగు పక్క భూమున్న మిత్రులారా, మీరూ రెండు మూటలు కట్టి చూడండి. ఏం కనబడిందో కింద రాయండి.

జై భీమ్.