మాట రాకపోతే చెవిని చూపించండి

బిడ్డకు మాట రాలేదంటే మన ఊళ్లలో అందరూ మొదట నోటినే చూస్తారు. వస పోశారా అని అడుగుతారు, నాలుక అంటుకున్నదేమోనని పైకెత్తి చూస్తారు. "వాళ్ల నాన్నకూ ఐదేళ్లకు గాని మాటలు రాలేదు" అని నాయనమ్మ సర్దిచెబుతుంది. చెవి సంగతి ఎవరికీ తోచదు.

మా సంఘములో ఒక కూలి కుటుంబపు పాప ఉంది. మూడున్నర ఏండ్లు వచ్చినా అమ్మ, నాన్న, బువ్వ దాటి మాటలు లేవు. చేపను "ఏప" అనేది, సీసాను "ఈయా" అనేది. డప్పు మ్రోగితే వాకిట్లోకి పరుగెత్తేది గనుక వినికిడి బాగానే ఉన్నదని ఇంటివారి ధైర్యము. పిలిస్తే పలుకదని పెంకిపిల్ల అన్న పేరు, దానికి తగిన దెబ్బలు. గృహదర్శనమునకు వెళ్లినప్పుడు మేము ఒకటి గమనించితిమి: ఎదుట కూర్చొని మాట్లాడితే మా పెదవులనే కన్నార్పక చూచేది. వెనుకనుండి మెల్లగా పిలిస్తే కదలదు.

జిల్లా ఆసుపత్రికి మేమే వెంటబెట్టుకొని వెళ్లితిమి. చెవి పరీక్ష చేసిన ఆమె కాగితముపై గీత గీసి చూపించినది. డప్పు చప్పుడు, అ, ఊ, మ, బ వంటివి లావు ధ్వనులు. అవి పాపకు అందుచున్నవి. స, శ, చ, త వంటి సన్నని ధ్వనులు అందుట లేదు. మాట చెవికి చేరుతుంది గాని చిల్లులు పడి చేరుతుంది. విననిదానిని పలుకుట ఎవరి తరము? మార్కు సువార్త 7వ అధ్యాయములోని చెవిటివానికి కూడా ముందు చెవులు తెరవబడినవి, మాట తరువాతనే వచ్చినది.

వినికిడి గర్భములోనే మొదలవుతుంది. ఆరవ నెల దాటేసరికి శిశువు ధ్వనులకు కదులుతుంది. పుట్టగానే తల్లి గొంతును గుర్తుపడుతుంది. అయితే వినబడని బిడ్డ కూడా మొదటి నెలలలో ఊ కొడుతుంది, కేరింతలు కొడుతుంది. మోసపోయేది అక్కడే. ఏడెనిమిది నెలలకు "బాబాబా", "తాతాతా" అని వరుసగా రావాలి. రాకపోతే ఆలస్యము చేయరాదు. భాషను పట్టుకొనుటకు మెదడుకు మొదటి మూడేండ్లు ఎంతో ముఖ్యము. అందుచేతనే పుట్టిన నెలలోపు పరీక్ష, 3 నెలలలోపు నిర్ధారణ, 6 నెలలలోపు వైద్యము అని నిపుణులు లెక్క పెట్టారు.

జలుబు చేసి కర్ణభేరి వెనుక నీరు చేరుట వేరొక రకము. ఒకనాడు వినబడును, ఒకనాడు వినబడదు. చాలామందికి 3 నెలలలో దానంతటదే తగ్గుతుంది, తగ్గకపోతే చూపించాలి. చెవిలో కాచిన నూనె మాత్రము పోయవద్దు.

డాక్టరు మొదట అడిగినది మేనరికమా అని. అవును, మేనమామనే చేసుకున్నది. పెండ్లి మాటలకు మా యొద్దకు వచ్చువారికి ఈ సంగతి చెబుతూనే ఉన్నాము, వినేవారు తక్కువ.

యంత్రము పెట్టగానే మాటలు రాలేదు. పోపు చిటపటకు జడిసి పాప దానిని పీకివేసేది. తల్లి మాత్రము విడువక, చేసే ప్రతి పనిని ఎదురుగా కూర్చొని చెబుతూ వచ్చినది. ఏడాదికి చిన్న వాక్యములు వచ్చినవి. ఇప్పుడు రెండవ తరగతి. చదువులో స, చ ల దగ్గర ఇంకా తడబాటున్నది. మొద్దు అనకుండునట్లు టీచరుతో మాట్లాడి ముందు బల్లపై కూర్చుండబెట్టించితిమి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను ఉచితముగా పరీక్షించుచున్నవి. వారు ఏనాడు వచ్చెదరో అంగన్‌వాడీ టీచరునడిగి, ఆనాడు బిడ్డను పొలమునకు తీసికొనిపోవద్దు.